వేపమండలు కట్టించిన పేడు

మా చిట్టికి వచ్చింది పెద్ద జబ్బేమీ కాదు. కొబ్బరి మట్ట పేడు ఒకటి పిర్రలో గుచ్చుకుంది, అంతే. నలుగురిలో చెప్పుకోవడానికి నోరు రాదు. చెబితే వినేవాళ్ళు ముందు నవ్వుతారు. నవ్వితే నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. కానీ గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఏమిటో ఆ వైశాఖంలో మా ఇంట్లో చూశాను. ఆ పేడు మా గుమ్మానికి వేపమండలు కట్టించింది. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే పిల్లను కూడా తీసుకుపోయేది.

మాది రాజోలు దగ్గర వైనతేయం ఒడ్డున ఒక ఊరు. గోదావరికి ఆనకట్ట కట్టి ఇంకా కాలవలు తవ్వుతున్న రోజులవి. మావారికి సొంత పడవ ఉంది. కొబ్బరికాయలు, పీచుతాళ్ళు ఎత్తించుకుని ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి కోరంగి రేవుకు తీసుకెళ్ళేవారు. ఇంట్లో మా అత్తగారు, నేను, నాలుగు నిండి అయిదు నడుస్తున్న చిట్టి. మా నాన్న వీధిబడి పంతులు కావడంతో మగపిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దుతుంటే వెనక కూర్చుని నేనూ దిద్దాను. ఆడపిల్లకు చదువెందుకని అప్పట్లో నవ్వినవాళ్ళు ఉన్నారు. ఇదిగో, ఇందుకు. నాలాంటి తల్లి ఎవరైనా చదివించుకుని వింటుందని రాస్తున్నాను. రాస్తే నా గుండె దడ కొంచెం తగ్గుతుందని కూడా.

వైశాఖం వచ్చిన కొత్తలో మావారు పడవెక్కారు. ఆ సాయంత్రం నుంచే చిట్టి తీరు మారింది. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల, నోరు మూసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. అన్నం కూడా నిలబడే తింది.

"కూర్చుని తినవే, నిలబడి తింటే ఒంటికి పట్టదు" అన్నాను.

"నాకిలాగే బావుంది" అంది.

నాన్న మీద బెంగ అనుకున్నాను. మా అత్తగారూ అదే అన్నారు. మర్నాడు నీళ్ళు పోస్తానని పిలిస్తే దగ్గరికి రాలేదు. "నేనే పోసుకుంటాను, నువ్వు చూడకు" అంది. నాకు నవ్వొచ్చింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకు అప్పుడే సిగ్గొచ్చిందండీ అని అత్తగారితో చెబితే, "ఆడపిల్ల కదుటే, రావాలి మరి" అని ఆవిడ మురిసిపోయారు. పిల్ల చెంబుడు నీళ్ళు కాళ్ళ మీద కుమ్మరించుకుని, పరికిణీ గట్టిగా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేమిద్దరం దాన్ని చూసి నవ్వుకున్నాం.

ఆ మరునాడే నేను బయట చేరాను. నెలలో ఆ రోజులు మా ఇళ్ళలో ఆడవాళ్ళు లోపలికి రాకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు. ఇంటి గోడను ఆనుకుని ఒక చిన్న పాక ఉండేది. అందులో ఒక చాప, ఒక చెంబు. ఇంటికీ పాకకూ మధ్య తాటాకు తడిక ఒక్కటే అడ్డం. లోపల జరిగేవన్నీ వినపడతాయి, చెయ్యడానికి మాత్రం చేతిలో ఏమీ ఉండదు. మామూలు రోజుల్లో అయితే అది నాకు హాయి. వంట లేదు, నీళ్ళు తేవడం లేదు, కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఆ నెల మాత్రం దాన్ని మించిన చెర లేదనిపించింది.

పొద్దువాలేసరికి చిట్టికి ఒళ్ళు కాగిపోయింది. లోపల మూలుగు వినపడుతోంది. మా అత్తగారికి చూపు మందం. ఏది చూడాలన్నా చేత్తో తడిమి చూడాల్సిందే. కాసేపటికి తడిక దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నారు.

"సూరమ్మా, తల్లి వచ్చింది మనింటికి."

"ఏం చూసేరండీ అత్తయ్యా?"

"వీపంతా పొక్కులే తగుల్తున్నాయి. తొడ పైన ఎత్తుగా ఉంది. ముట్టుకుంటే పిల్ల గింజుకుంటంది. నువ్వు మాత్రం ఇటు తొంగి చూడకు. మైల తగిల్తే తల్లి ఓర్చుకోదు."

ఏటి అవతల ఊళ్ళలో పెద్దమ్మవారు, అదే మశూచి, ఆడుతోందని అప్పటికే కబురు వచ్చి ఉంది. వైశాఖపు ఎండకు పిల్లల వీపుల మీద చెమటకాయలు రాని ఇల్లు ఊళ్ళో లేదు. అయినా ఒళ్ళు కాగుతున్న పిల్లకు పొక్కులంటే ఎవరికి చెమటకాయలు గుర్తొస్తాయి? నాకూ రాలేదు. తెల్లారేసరికి గుమ్మానికి వేపమండలు కట్టారు. అవి చూస్తే ఊళ్ళో ఎవరూ మా గడప తొక్కరు. ఇంట్లో పోపు వెయ్యకూడదు, చేప వండకూడదు, తలకు నూనె రాయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మందు పెట్టకూడదు. ఇంట్లో ఉన్నది పిల్ల కాదు, తల్లి. తల్లికి మందు పోస్తే నిన్ను నమ్మడం లేదు పొమ్మన్నట్టే. పోతూపోతూ ఆవిడ ఒట్టి చేతులతో పోదు.

మా అత్తగారికి ఈ మాట పుస్తకంలోదీ పురాణంలోదీ కాదు. మావారికి ముందు ఆవిడకొక కొడుకు ఉండేవాడు, సుబ్బడు. ఆ పిల్లాడికి తల్లి పోసిందని మండలు కట్టాక, మా మావగారు తట్టుకోలేక ఎవరికీ తెలియకుండా కషాయం తెచ్చి పోశారట. తెల్లారేసరికి పిల్లాడు లేడు. మావగారు పోయేదాకా ఆవిడ ఆయన్ను ఆ మాట అంటూనే ఉన్నారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకూ చెప్పారు, మందులూ మాకులూ అంటే తనకెందుకు ఒళ్ళు మండుతుందో తెలియాలని.

తడిక పక్కన కూర్చుని గడిపిన ఆ రోజుల గురించి రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. లోపల చిట్టి "అమ్మా" అంటుంది. నేను "ఇక్కడే ఉన్నానే" అంటాను. "రా" అంటుంది. రాలేనని చెప్పాలి. ఎందుకు రాలేవని అడుగుతుంది. ఆ వయసు పిల్లకు ఏమని చెప్పను? చాప మీద బొటనవేలితో గీతలు గీస్తూ కూర్చునేదాన్ని. దేవుణ్ణి తిట్టుకున్నాను, నన్ను తిట్టుకున్నాను, కోరంగిలో కొబ్బరికాయలు అమ్ముకుంటున్న మావారిని అందరికన్నా ఎక్కువ తిట్టుకున్నాను.

పక్కింటి కొండమ్మ మా దడి దాటి రాకూడదు. అయినా పొద్దున్నే దడి అవతల ఒక ముంత మజ్జిగ, ఒక లేత బొండం పెట్టి, "వదినా, పెట్టి వెళ్తన్నానోయ్" అని కేకేసి వెళ్ళిపోయేది. వాళ్ళింట్లో ఇద్దరు చంటిపిల్లలు. మా దడి దాకా రావడమే ఎక్కువ. మజ్జిగ మా అత్తగారు తీసుకెళ్ళి పిల్లకు పట్టేవారు. బొండం నాకు వదిలేసేవారు. ఆ కేక కోసం నేను తెల్లారుజాము నుంచి చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని. మామూలు మనిషి మామూలు గొంతుతో పిలిచే పిలుపు ఆ ఇంటికి అదొక్కటే.

ఒక మధ్యాహ్నం మా అత్తగారు పసుపునీళ్ళు చల్లి, దీపం పెట్టి, చిట్టి ముందు చేతులు జోడించారు. తల్లి కోరిక ఏమిటో పిల్ల నోటితోనే చెబుతుందని మా నమ్మకం. నాకు తడిక సందులోంచి ఆవిడ వీపు కనపడుతోంది.

"ఏం లోటు చేసేమమ్మా? ఏం కావాలో నోరు తెరిచి చెప్పు తల్లీ. తెచ్చిస్తాను."

చిట్టి నీరసంగా అంది.

"నాకు ముడ్డి నొప్పెడతంది. కూర్చోలేను."

నాకు ఏడుపులో నవ్వొచ్చింది. ఆ నవ్వు నోట్లో ఉండగానే మా అత్తగారు గోడు గోడున ఏడవడం మొదలుపెట్టారు. "తప్పయిపోయిందమ్మా! నీకు ఆసనం సరిగా వెయ్యలేదు. కటిక నేల మీద కూర్చోబెట్టేనమ్మా, పాపిష్టిదాన్ని" అంటూ లేచి, తడుముకుంటూ వెళ్ళి, పెట్టెలోంచి నా పెళ్ళి పట్టుచీర తీసుకొచ్చారు. దాన్ని నాలుగు మడతలు వేసి పరిచి, పైన లేత వేపాకు చల్లారు. తర్వాత పిల్లను రెండు చేతులతో ఎత్తి, భక్తిగా, ఆ చీర మీద కూర్చోబెట్టారు.

చిట్టి పెట్టిన కేకకు పాకలో నేను లేచి నిలబడిపోయాను. "తల్లి పూనింది! తల్లి పలికింది!" అని మా అత్తగారు నేల మీద సాగిలపడ్డారు. ఆవిడకు అది అమ్మవారి కేక. దాన్ని కన్నదాన్ని నేను. మొదటి ఏడుపు నుంచి దాని గొంతులో ఏ కేక దేనికో నాకు తెలుసు. అది నొప్పి.

"అత్తయ్యా, పిల్లని పక్కకి తిప్పి చూడండి. అక్కడేదో ఉందండీ!"

"నోరు ముయ్యి! బయట కూర్చుని తల్లిని పిల్లంటావా? ఆవిడ వింటే ఇంకేమన్నా ఉందా?"

నోరు మూసుకున్నాను. భయమేసింది. ఆవిడ అన్నదే నిజమైతే, నా మాటకే తల్లికి కోపం వస్తే? చెంపలు వేసుకున్నాను. ఆ సాయంత్రమంతా ఒకసారి పిల్ల మాట, ఒకసారి అత్తగారి మాట నాలో పోట్లాడుకున్నాయి. ఏది గెలవాలని కోరుకోవాలో కూడా తెలియలేదు. అమ్మవారయితే ఒక భయం, కాకపోతే ఇంకో భయం.

నాలుగోనాడు పొద్దు పొడవకముందే ఏట్లో తలమునక స్నానం చేసి, తడిబట్టతో లోపలికి వెళ్ళాను. మా అత్తగారు నీళ్ళకు వెళ్ళే వేళ చూసుకునే వెళ్ళాను. చిట్టి బోర్లా పడుకుని ఉంది. నన్ను చూసి నవ్వబోయింది గానీ, పెదాలు ఎండిపోయి రాలేదు. వీపు మీద చూస్తే చెమటకాయలు. చాలావరకు మాడిపోయాయి కూడా. అమ్మవారి పొక్కు ఒక్కటి లేదు, మొహం మీద లేదు, అరచేతుల్లో లేదు. పరికిణీ తొలగించాను. కుడి పిర్ర కాయలా ఎర్రగా వాచి ఉంది, నడుమ నల్లటి మొన. ఇంతకన్నా రాయను.

"ఇదేమిటే? ఎప్పుడయిందే?"

తల చేతుల్లో దాచుకుంది. "ఎక్కడ పడ్డావే?" అంటే తల అడ్డంగా ఊపింది. కొట్టి అడిగే సమయం కాదు. దాని తల నిమిరి, కొండమ్మ బొండంలో నీళ్ళు పట్టించి, తడి ఆరని కొప్పుతోనే వైద్యులుగారింటికి బయలుదేరాను.

వైద్యులుగారి అరుగు మీద అప్పటికే జనం ఉన్నారు. కల్వంలో ఆయన ఏదో నూరుతున్నారు. దగ్గుతున్న ముసలాయన, కంటికి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి, ఒళ్ళో బిడ్డతో ఒక తల్లి. నేను వీధిలోనే నిలబడి, మా ఇంటి పేరు చెప్పాను. మా ఇంట వేపమండలు కట్టిన సంగతి ఊరందరికీ తెలుసు. బిడ్డ తల్లి కొంగు బిడ్డ మొహం మీదికి లాక్కుని దిగి వెళ్ళిపోయింది. కంటి మనిషి వెనక్కి జరిగింది. నాకు కోపం రాలేదు. ఆ చోట నేనున్నా అదే చేసేదాన్ని.

"అక్కడే ఉండి చెప్పమ్మా" అన్నారు వైద్యులుగారు. ఆయన కల్వం ఆపలేదు.

చెప్పాను. సిగ్గు విడిచి, అంతమందిలో, పిర్ర అని చెప్పాను. అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. వైద్యులుగారు నవ్వలేదు.

"పేడో ముల్లో అయ్యుంటుంది. చీము పట్టింది. ఆలస్యం చేస్తే ఒళ్ళంతా విషం ఎక్కుద్ది. చూడాలి" అన్నారు.

"వస్తారాండీ?"

కల్వం ఆగింది. "మండలు కట్టిన ఇంటికి ఎలా వస్తానమ్మా? నేనొచ్చినట్టు తెలిస్తే రేపు ఈ అరుగెక్కేవాడుండడు. రేపు నిజంగా ఏ ఇంట్లోనన్నా తల్లి పోస్తే, అది నేను తెచ్చేననే అంటారు. తల్లి వెళ్ళిపోయిందని మీ అత్తగారితో అనిపించు. వెంటనే వస్తాను."

"ఆవిడ అనరండీ."

"అయితే నేను చేసేదేం లేదు."

ఎండ అప్పటికే నెత్తికెక్కుతోంది. అక్కడే నిలబడిపోయాను. దగ్గుతున్న ముసలాయన లేచి, తన తాటాకు గొడుగు తెచ్చి వీధి మధ్యలో పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచారు. చేతికి ఇవ్వకూడదు కదా. "తీసుకెళ్ళమ్మా. తిరిగి తేనక్కర్లేదు. ఎక్కడన్నా వదిలేయ్" అన్నారు. ఆయనెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గొడుగు నీడలో ఏడుస్తూ ఇంటికి వచ్చాను.

దారిలో ఒకటే ఆలోచన. అమ్మవారు రాలేదని వాదిస్తే మా అత్తగారు వినరు. వినరు సరే, నన్ను పిల్ల దగ్గరికి కూడా రానివ్వరు. సుబ్బణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆవిడ. ఆవిడ తప్పు మాట్లాడటం లేదు, తనకు తెలిసిన దాంట్లో పిల్లను కాపాడుకుంటున్నారు. నేను లాగితే ఆవిడ లాగుతారు, తెగేది పిల్ల ప్రాణం. ఇంటికి వచ్చేసరికి ఆవిడ పిల్ల పక్కన కూర్చుని వేపాకుతో విసురుతున్నారు.

"ఎక్కడికెళ్ళేవు?"

"అత్తయ్యా, నిన్న తల్లి ఏమన్నారండీ?"

"విన్నావుగా. కూర్చోలేనంది."

"పట్టుచీర వేసేరు కదండీ. కూర్చున్నారా?"

ఆవిడ ఇంకా గట్టిగా విసిరారు.

"పట్టుచీర మీద కూడా కూర్చోలేకపోయేరంటే, మనిల్లు ఆవిడకి పట్టలేదనే కదండీ. ఉండమని మనం పట్టుకు కూర్చుంటే ఆవిడకి కష్టం, పిల్లకి కష్టం. మర్యాదగా సాగనంపుదామండీ."

విసనకర్ర లాంటి వేపమండ ఆవిడ చేతిలో ఆగిపోయింది. "పొక్కులు ఆరకుండా సాగనంపితే..." అని ఆగారు.

"పొక్కులే లేవండీ అత్తయ్యా. మొహం తడమండి. అరచేతులు తడమండి."

ఆవిడ పిల్ల మొహం తడిమారు. నుదురు, బుగ్గలు, మెడ. అరచేతులు తెరిచి బొటనవేలితో రాశారు. ఎంతసేపు తడిమారో. నాకు అంతా తెలుసని కాదు. నాకూ భయమే. సాగనంపాక పిల్లకు ఏమైనా అయితే ఈ ఇంట్లో సుబ్బడి మాట ఎలా ఉండిపోయిందో నా మాటా అలాగే ఉండిపోతుంది. అది తెలిసే అన్నాను.

"చలివిడి ముద్ద చెయ్యి" అన్నారు చివరికి.

చలివిడి, పసుపునీళ్ళ ముంత, రవికెగుడ్డ, నల్ల గాజులు, దీపం. ఇద్దరం ఏటి గట్టు దాకా నడిచాం. ఎవరి ఇంట్లో వాళ్ళు తలుపులు వేసుకున్నారు. నీళ్ళ అంచున అన్నీ పెట్టి మా అత్తగారు చేతులు జోడించారు. "తల్లీ, మాకు చేతనైనంత చేసేం. నీకు చోటు సరిపెట్టలేకపోయేం. కోపం పెట్టుకోక చల్లగా వెళ్ళు." వెళ్ళిరా అనే మాట మా ఇళ్ళలో ఎవరికైనా అంటాం, ఈవిడకొక్కరికే అనం. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాం. గుమ్మం దగ్గర ఆవిడే చెయ్యెత్తి వేపమండలు తెంపారు.

వైద్యులుగారు మాట తప్పలేదు. వచ్చి, దూరం నుంచే ఒకసారి చూసి, మొహం పక్కకు తిప్పుకున్నారు. బియ్యప్పిండి పసుపుతో ఉడికించి, గోరువెచ్చగా ముద్ద కట్టమన్నారు. చల్లారగానే మార్చాలి, చేత్తో పిండకూడదు, దానంతటది నోరు తెరుచుకుంటుంది. "తెరుచుకోకపోతే నేనొచ్చి కోస్తాను" అనేసరికి మా అత్తగారు స్తంభం పట్టుకుని కూర్చుండిపోయారు. తాగడానికి కషాయం ఇవ్వబోతే ఆవిడ మొహం చూసి, పొట్లం మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నారు. "ఇది లేకపోయినా పర్లేదులెండి" అన్నారు. అది అబద్ధమని నాకు అర్థమైంది. అయినా ఆ మాటకు ఆయనకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

పిండి ఉడికించడం, కట్టడం, తియ్యడం, మళ్ళీ ఉడికించడం. ఆ రోజూ మర్నాడు మధ్యాహ్నం దాకా మా ఇంట్లో వేరే పని లేదు. మా అత్తగారు పొయ్యి దగ్గర, నేను పిల్ల దగ్గర. కట్టిన ప్రతిసారీ పిల్ల ఏడుస్తుంది, ఆవిడ పొయ్యి దగ్గర నుంచి "ఏం, ఏవైంది?" అని లేస్తారు. ఏమీ కాలేదని చెప్పి కూర్చోబెట్టాలి. నా పిల్లను చూసుకోవాలా, ఆవిణ్ణి చూసుకోవాలా అని ఒకసారి విసుక్కున్నాను కూడా. ఆవిడ నా చేతికి ఇంకో ముద్ద అందించారు.

పొద్దు తిరిగాక గడ్డ పగిలింది. చిట్టి చేతులు రెండూ మా అత్తగారు పట్టుకున్నారు. చీముతోపాటు పేడు మొన బయటికి వచ్చింది. వేళ్ళతో పట్టి లాగాను. చిటికెనవేలి గోరంత ఉంటుంది, అంతే. దానికోసమా ఇదంతా అనిపించింది. మా అత్తగారు చెయ్యి చాపితే అరచేతిలో పెట్టాను. ఆవిడ వేలితో అటూ ఇటూ తిప్పి తడిమారు.

"ఇదేనటే?"

"ఇదేనండీ."

"కొబ్బరి మట్టది" అన్నారు. లేచి, పొయ్యిలో పడేసి వచ్చి, పిల్ల కాళ్ళ దగ్గర కూర్చున్నారు. సాయంత్రానికి చిట్టి ఒళ్ళు చల్లబడింది. అన్నం అడిగింది. నేను అన్నం పెట్టి, పెరట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా కడుపారా ఏడ్చాను.

కోలుకున్నాక ఎన్నిసార్లు అడిగినా, ఎక్కడ గుచ్చుకుందో మాత్రం చెప్పలేదు. బతిమాలాం, బెల్లం పెట్టాం, బెదిరించాం. "పడ్డాను" అనేది, అంతే. ఊళ్ళో సంగతి తెలియడానికి ఎంతసేపు? కొండమ్మ నెమ్మదిగా దడి దాటి వచ్చి, "మీ ఇంటికొచ్చిన అమ్మవారికి పీటెయ్యలేదంటగా వదినా, అలిగి వెళ్ళిపోయిందంట" అని నవ్వితే, నేనూ నవ్వాను. ఏటి గట్టు మీద ఆడవాళ్ళు నన్ను చూసి కొంగులు అడ్డం పెట్టుకునేవారు. మా అత్తగారికి మాత్రం తలకొట్టేసినట్టయింది. గుడికి వెళ్ళడం మానేశారు. పేడుకు మండలు కట్టిన ముసల్దానివని ఎవరో మొహం మీదే అన్నారట. ఎవరన్నారో ఆవిడ చెప్పలేదు గానీ, తెలిస్తే నేను ఊరుకునేదాన్ని కాదు.

జ్యేష్ఠం రాకముందు పడవ రేవుకు వచ్చింది. రేవులోనే ఎవరో చెప్పేశారు, మీ ఇంటికి మండలు కట్టేరు అని. మిగతాది వినకుండా మావారు పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలో నన్ను చూసి నిలబడిపోయారు. నేను అనాలనుకుని కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ మొహం చూసేసరికి ఎటో పోయాయి. ఇంతలో చిట్టి లోపల నుంచి పరిగెత్తుకొచ్చి ఆయన కాళ్ళకు చుట్టుకుంది. మెడ పైకెత్తి, గొప్ప పని చేసినదానిలా అంది.

"నాన్నా, నువ్వు నన్ను మట్ట మీద కూర్చోబెట్టి లాగిన సంగతి నేనెవరికీ చెప్పలేదు. మామ్మకీ చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. అమ్మవారు వచ్చినప్పుడు అమ్మవారికి కూడా చెప్పలేదు."

మావారు గడప మీద కూలబడ్డారు. పడవెక్కే ముందు ఎండిన కొబ్బరి మట్ట మీద పిల్లను కూర్చోబెట్టి పెరడంతా లాగారట. మట్టలు తడికలు అల్లడానికి దాచుకుంటారు మా అత్తగారు, చూస్తే తిడతారని, "మామ్మకి చెప్పకేం, ఎవరికీ చెప్పకేం" అని నవ్వుతూ అన్నారట. పిల్ల ఆ మాట పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతున్నా పట్టుకుంది. ఆయన దాన్ని ఒళ్ళోకి తీసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఏం జరుగుతోందో చిట్టికి అర్థం కాలేదు. "చెప్పలేదు కదా, ఎందుకేడుస్తావు?" అని ఆయన బుగ్గలు తుడిచింది.

మా అత్తగారు అరుగు మీద నుంచి అంతా విన్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఆ సాయంత్రం నేను బియ్యం ఏరుతుంటే పక్కకు వచ్చి కూర్చుని, నా వైపు చూడకుండా అన్నారు.

"సుబ్బడికి పోసినప్పుడు వాడు చెవి, చెవి అన్నాడే. అడిగినప్పుడల్లా అదే మాట. తల్లి చెవులకి పోగులడుగుతందనుకుని కంసాలిని పిలిపించి, ఆ జ్వరంలోనే వాడి చెవులు కుట్టించేను."

నా చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

"పొక్కులు వాడికి ఉన్నాయో లేదో కూడా ఇప్పుడు గుర్తు రావట్లేదే. మీ మావగారిని అన్నేళ్ళు అన్నాను" అని, లేచి దీపం పెట్టడానికి వెళ్ళిపోయారు.

ఆ మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తర్వాత మా ఇంట్లో ఇంకో ఇద్దరు పుట్టారు. వాళ్ళలో ఎవరు ఎక్కడ నొప్పి అన్నా, చేతిలో ఏ పనున్నా వదిలేసి, ఆ మందం చూపుతో గోడలు తడుముకుంటూ నాకన్నా ముందు వచ్చేది ఆవిడే. వచ్చి, "ఎక్కడమ్మా? నా చెయ్యి తీసుకెళ్ళి పెట్టు" అనేవారు.